చుట్టరికం వుంది, చిరునామా దొరకలేదు

నేను జమాఖర్చులు రాసుకునే గుమాస్తాను. కంప్యూటరు శాస్త్రం చదివినవాణ్ణి కాను. అయినా 2007లో నాలుగు రాత్రులు నన్ను నిద్రపోనివ్వని ఒక గొడవ మన కుటుంబాలవారికి చెప్పదగినదని తోచి రాస్తున్నాను.

మా అవ్వ 2003లో పోయింది. ఆమె గొంతు మాత్రం ఒక కేసెట్టులో మిగిలింది. పాటలేమీ లేవు అందులో. సాత్తూరు, కోవిల్పట్టి, విరుదునగరం చుట్టుపక్కల వూళ్లలో ఎవరి పిల్లను ఎవరింట ఇచ్చారు, ఎవరి ఇంటిపేరు ఏమిటి అని గంటసేపు చెప్పుకుంటూ పోయింది, అంతే. బెంగుళూరులో వున్న మా మేనత్త, అనగా అవ్వ కూతురు, అప్పటికి మంచం పట్టి వుంది. “అమ్మ మాట ఒక్కసారి వినిపించరా” అని కబురు చేసింది. సీడీ చేసి పంపితే రెండు ముక్కలై చేరింది. కుదిస్తే గొంతు అరిగిపోతుందేమోనని నేను కుదించకుండా వుంచిన ఆ ఫైలు 600 మెగాబైట్లు. ఈమెయిలు మోయలేదు. అప్పుడు మా బావే, అత్త కొడుకు, “టారెంటు పెట్టు, సింగపూరు చెల్లెలు కూడా తీసుకుంటుంది” అన్నాడు.

టారెంటు అంటే సినిమాలు దొంగిలించే పని అని చాలామంది అనుకుంటారు. ఆ పనికి వాడుకునేవాళ్లూ లేకపోలేదు. కాని 2001లో బ్రామ్ కోహెన్ అనే ఆయన దీన్ని తయారుచేసినది పెద్ద ఫైళ్లను పంచుకోవడానికి. ఫైలును ముక్కలు చేసి, ఒక ముక్క అందుకున్నవాడు దాన్ని మరొకడికి ఇస్తూ పోతాడు. మొదట్లో ఎవరి దగ్గర ఏ ఫైలు వున్నదో చెప్పడానికి ట్రాకరు అని ఒక యంత్రం వుండేది. ఊరి కరణం దగ్గర దస్తరం వున్నట్టే అనుకోండి. కరణం ఊళ్లో లేకపోతే పని ఆగిపోయినట్టే, ట్రాకరు ఆగితే అన్నీ ఆగేవి. దానికి విరుగుడుగా దస్తరాన్ని చించి తలా ఒక కాయితం దాచుకునే పద్ధతి వచ్చింది. ఇది 2002లో న్యూయార్కు విశ్వవిద్యాలయానికి చెందిన మేమౌంకోవ్, మజియేర్ అనే ఇద్దరు ప్రకటించిన కడెమ్లియా అనే పథకం.

దీన్ని మా అవ్వ పద్ధతి అంటే సరిపోతుంది. ఆమెకు చదువు రాదు. ఎక్కడో తప్పిపోయిన బంధువు ఇల్లు కనుక్కోవాలంటే, ఆ ఇంటికి కాస్త దగ్గరి చుట్టం ఎవరో వాళ్లను అడిగేది. వాళ్లు ఇంకా దగ్గరివాళ్లను చూపేవారు. మూడు నాలుగు గడపలు తొక్కితే మనిషి దొరికేవాడు. ఈ దగ్గర దూరాలు మైళ్లలో కావు. ఎదురింటివాడు ఏమీ కాకపోవచ్చు, ఏడామడల అవతలివాడు అన్నదమ్ముడు కావచ్చు. కడెమ్లియాలోనూ అంతే. ప్రతి యంత్రానికీ 160 బిట్ల సంఖ్య ఒకటి వుంటుంది. ఫైలుకూ అటువంటి సంఖ్యే. రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి ఎక్కడెక్కడ తేడా పడుతున్నదో చూసి దూరం కడతారు. సింగపూరు యంత్రం శివకాశి యంత్రానికి పక్కిల్లు కావచ్చు.

సరే, నేను అజూరియస్ అనే ప్రోగ్రాములో ట్రాకరు లేకుండా టారెంటు కట్టి, దాని గుర్తు ఫైలు ఇద్దరికీ పంపాను. సింగపూరులో చెల్లెలి భర్త పావుగంటలో వచ్చి తగులుకున్నాడు. బెంగుళూరు బావ మాత్రం మూడు రాత్రులు కనబడలేదు. “నీ ఫైలు తెరిచే పెట్టాను, ఎవరూ లేరంటుందయ్యా” అని ఆయన, “ఇక్కడే కూర్చున్నాను బావా” అని నేను. సముద్రం దాటినవాడు దొరికాడు, రాత్రి బండెక్కితే తెల్లవారి దిగే వూళ్లోవాడు దొరకలేదు. అత్త రోజూ అడుగుతూనే వుంది.

నాలుగోనాడు అడిగాను, “నీది ఏ ప్రోగ్రాము బావా?” అని. మ్యూటారెంట్ అన్నాడు. అక్కడ వుంది తిరకాసు. 2005 మే నెలలో అజూరియస్ వారు తమ దస్తరం పద్ధతి పెట్టారు. కొద్ది రోజుల తేడాతో బిట్‌టారెంట్ కంపెనీవారు మెయిన్‌లైన్ అనే పేరుతో తమది వేరే పెట్టారు. మ్యూటారెంట్ రెండో దాన్ని పట్టుకున్నది. రెండింటికీ మూలం ఆ 2002 పథకమే. కాని ఒకరు ప్రశ్న రాసే తీరు మరొకరికి అర్థం కాదు. ఇ-మ్యూల్ వారి కాడ్ కూడా ఆ ఇంటిదే, అదీ వేరు కాపురమే.

ఇందులో నాకు విచిత్రంగా తోచింది ఒకటే. ఫైలు ముక్కలు ఇచ్చిపుచ్చుకునే భాష అజూరియస్‌కూ మ్యూటారెంట్‌కూ ఒక్కటే. కలిస్తే హాయిగా మాట్లాడుకుంటాయి. కలిసే దారే లేదు.

మనకిది కొత్త కాదు. ఆంధ్రదేశంలో మనిషిని ఇంటిపేరుతో వెతుకుతారు. ఇక్కడ బడిలోనూ రేషను కార్డులోనూ మన పేరుకు ముందు వుండేది తండ్రి పేరులోని మొదటి అక్షరం. ఇంటిపేరు ఇంట్లోనే వుండిపోయింది. ఒకసారి గుంటూరు నుంచి మా ఇంటిపేరువాళ్లెవరో వెతుక్కుంటూ వస్తే, మా వీధిలోనే ఆ పేరు ఎవరికీ తెలియదన్నారు! వాళ్ల దస్తరం వేరు, మా దస్తరం వేరు. ఎదురుపడ్డాక మాత్రం ఇద్దరిదీ తెలుగే. ఇడైచెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారి ఇంటి భాష తెలుగు. ఆయన మన పెద్దలు ఇటు వలస వచ్చిన కథను ‘గోపల్ల గ్రామం’గా రాసింది తమిళంలో. అది 1976లో అచ్చయింది. తెలుగుదేశంలో ఆయన్ను మనవాడుగా ఎరిగినవారు ఎందరు?

పోనీయండి. నా గొడవ ఎలా తీరిందంటే, టెలిఫోనుతో తీరింది. నా యంత్రం చిరునామా, చుక్కలు పెట్టిన నాలుగు సంఖ్యలు, ఆపైన ద్వారం సంఖ్య, ఫోనులో చదివాను. బావ ఆయన ప్రోగ్రాములో చేత్తో కొట్టాడు. క్షణంలో ముక్కలు కదిలాయి. గంట గడవక ముందే ఇక్కడ కరెంటు పోయింది. వచ్చేసరికి మోడెమ్ కొత్త చిరునామా తెచ్చుకుంది. మళ్లీ ఫోను, మళ్లీ సంఖ్యలు. ఆ రాత్రి మూడుసార్లు చదివాను. కరణం వద్దు, దస్తరం వద్దు అనుకున్న ఏర్పాటుకు చివరికి నేనే కరణాన్నయ్యాను.

తరువాత అజూరియస్‌కు వూజ్ అని పేరు మారింది. మెయిన్‌లైన్ భాష నేర్పే ప్లగిన్ కూడా వచ్చింది. అది తగిలించుకున్న యంత్రం రెండు దస్తరాలలోనూ పేరు రాయించుకుంటుంది. పాతకాలపు దుబాసీ అన్నమాట. అరవమూ తెలుగూ రెండూ వచ్చినవాడు సంతలో ఎంత పనికివస్తాడో నాకు వేరే చెప్పనక్కరలేదు, ఆఫీసులో నా వుద్యోగం నిలిచింది సగం అందువల్లే. 2017లో వూజ్‌ను కట్టినవారిలో కొందరు బిగ్లీబీటీ అని వేరే మొదలుపెట్టారు. అందులోనూ ఆ దుబాసీ వున్నాడు. లోకంలో ఎక్కువమంది చేరింది మాత్రం మెయిన్‌లైన్ వైపే.

ఆ రాత్రి తెల్లవారుజామున ఫైలు పూర్తయింది. బావ అత్త మంచం పక్కనే యంత్రం పెట్టి వినిపించాడట. నాకు ఫోను వచ్చేసరికి ఎనిమిదయింది. అత్తే మాట్లాడింది. ఏడుస్తుందని భయపడ్డాను.

“ఒరే, మీ అవ్వ మా చిన్నత్తను సాత్తూరులో ఇచ్చామని చెప్పిందిరా. తప్పు. కోవిల్పట్టిలో ఇచ్చారు. రాసి పెట్టుకో.”