కంకర పోస్తేనే లైను

రైల్వే కాలనీలో పిల్లల హోదా తండ్రుల డ్యూటీని బట్టి ఉండేది. 1970ల కాజీపేటలో మా జట్టుకి నాయకుడు డ్రైవరు గారి అబ్బాయి. వాడి తర్వాత గార్డు గారి పిల్లలు, ఆ తర్వాత స్టేషన్ మాస్టారి పిల్లలు. షెడ్డులో ఫిట్టర్ల పిల్లలకు ఇంజన్ల రకాలన్నీ నోటికి వచ్చు కాబట్టి వాళ్లకూ ఓ గౌరవం ఉండేది. గ్యాంగు వాళ్ల పిల్లలం అందరికన్నా చివర. మా నాన్న గ్యాంగు మేట్. లైను మీద కంకర సర్ది, పట్టాలు సరిచేసే గ్యాంగ్‌మన్లకు పెద్ద. ఇంజను తోలేవాడి ముందు కంకర సర్దేవాడు ఏపాటి? ఆ లెక్క తారుమారైంది మా రైలాటలోనే.

కాజీపేట పెద్ద జంక్షన్. బల్లార్షా నుంచి విజయవాడ పోయే లైనులో సికింద్రాబాదు లైను వచ్చి కలిసేది అక్కడే. గ్రాండ్ ట్రంక్, దక్షిణ్, గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లు, మధ్యమధ్య సింగరేణి బొగ్గు నింపుకున్న గూడ్సులు. కూత విని అది డబ్ల్యు.పి. ఇంజనా, డబ్ల్యు.జి. ఇంజనా అని పందేలు కాసేవాళ్లం. డీజిళ్లు అప్పటికే వచ్చాయి గానీ పొగ లేనిదాన్ని మేం ఇంజనుగా లెక్కపెట్టేవాళ్లం కాదు. ఎండాకాలం సెలవుల్లో మాకు ఒకటే చిక్కు. నైట్ డ్యూటీ దిగొచ్చిన పెద్దవాళ్లు ప్రతి రెండో ఇంట్లో పడుకుని ఉంటారు. గోలీలాడినా, బిళ్లంగోడు ఆడినా కిటికీలోంచి తిట్లు. చప్పుడు లేని ఆట కావాల్సి వచ్చింది. అట్లా క్వార్టర్ల వెనక వేపచెట్టు కింద మా లైను మొదలైంది.

ఐస్‌ఫ్రూట్ పుల్లలు పట్టాల కింది స్లీపర్లు. సైకిల్ షాపులో పారేసిన చువ్వలు పట్టాలు. చెక్క దారపు రీలును సగానికి కోస్తే ఒకవైపు అంచున్న చక్రం వస్తుంది, అచ్చం రైలు చక్రానికి ఉన్నట్టే. కుట్టుమిషన్ ఉన్న ఇళ్ల చుట్టూ రీళ్ల కోసం తిరిగేవాళ్లం. ఇంజను పౌడర్ డబ్బాది. సబ్బు అట్టపెట్టెలు వ్యాగన్లు.

ఎవరి ఇంటి విద్య వాళ్లు తెచ్చేవాళ్లు. డ్రైవరు గారి అబ్బాయిది ఇంజను. బాయిలర్ ఎక్కడ, సిలిండర్ ఎక్కడ అన్నది వాడు చెప్పిందే వేదం. ట్రైన్ ఎగ్జామినర్ గారి అమ్మాయి గుండుపిన్నులు వంచి కొక్కేలు చేసేది. వాళ్ల నాన్న సుత్తితో చక్రాలు కొట్టి చూసినట్టు, చెంచాతో ఒక్కో రీలునూ తట్టి చూశాకే బండిని వదిలేది. పాయింట్స్‌మన్ కొడుకు చీపురుపుల్లలతో సిగ్నలు నిలబెట్టి, దారం లాగితే చెయ్యి వాలేట్టు చేశాడు. చెయ్యి అడ్డంగా ఉంటే బండి ఆగాలి, వాలితే కదలాలి. సాయంత్రం కాగానే అందరం చుట్టూ కూర్చుని ఆ రోజు ఎవరు ఏం చేశారో చూసేవాళ్లం. మెచ్చుకోళ్లు తక్కువ, తప్పులు పట్టడం ఎక్కువ. కొత్త ఉపాయం దొరికితే మాత్రం ఎవరూ దాచుకునేవాళ్లు కాదు. అందరిదీ ఒకటే లైను మరి.

ఇంత చేసినా బండి నాలుగు బారలు పోయి పడిపోయేది. పుల్లలు మట్టిలోకి దిగేవి. ఒక పట్టా పైకి, ఒకటి కిందికి. వేలితో ఎత్తిపెడితే మళ్లీ దిగేవి. ఇంజను బరువని ఒకరు, చక్రాలు వంకరని ఒకరు వాదించుకుంటుండగా డ్యూటీ నుంచి వస్తూ మా నాన్న ఆగాడు. ఇంజను వైపు చూడలేదు. గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి, చెంప నేలకు ఆనేంత వంగి పట్టా వెంబడి చూశాడు. లైను మీద ఆయన రోజూ చేసే పని అదే. మేట్ పట్టా మీద దూరం నుంచి కన్ను పెట్టి చూసి, చేత్తో సైగ చేస్తే అక్కడ గడ్డపారలు పట్టుకున్నవాళ్లు లైను లేపుతారు. చెయ్యి దించితే ఆపుతారు.

"ఈడ దిగింది, గాడ దిగింది," అని రెండు చోట్ల వేలు పెట్టాడు. "కింద కంకర లేకుంటే ఏ లైనన్న దిగుతది బిడ్డా."

కంకర ఎందుకో ఆ సాయంత్రం తెలిసింది. చక్రం బరువు పట్టా మీద పడుతుంది, పట్టా నుంచి స్లీపర్ మీద, స్లీపర్ నుంచి కంకర మీద. కంకర ఆ బరువును విడదీసి మట్టికి పంచుతుంది. వాన నీళ్లను నిలవనీయకుండా జార్చేస్తుంది. స్లీపర్ పక్కకు జరగకుండా పట్టి ఉంచుతుంది. "గుండ్రాయి పోస్తే జారుతది. కోసురాయి పోస్తే ఒకదాన్నొకటి పట్టుకుంటది," అన్నాడు నాన్న. వాగు గులకరాళ్లు లైనుకు ఎందుకు పనికిరావో, కొండను పగలగొట్టిన రాయే ఎందుకు కావాలో ఈ ఒక్క మాటలో ఉంది. తర్వాత ఎన్ని పుస్తకాల్లో చదివినా ఇంతకు మించి కనబడలేదు.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాడు. "లైను మీది రాయి ఒక్కటి ముట్టొద్దు. అది సర్కారుది." పక్కనే రైల్వే కంకర గుట్టలుగా ఉన్నా మేం అటు పోలేదు. మడికొండ దారిలో ఎవరో ఇల్లు కడుతుంటే, అడిగి, అక్కడి మిషన్ కంకర కింద మిగిలిన పొడి తెచ్చుకున్నాం. మా చుట్టుపక్కల గుట్టలన్నీ గ్రానైటువే. ఆ పొడిలో బూడిదరంగు, లేత ఎరుపు, మధ్యలో తళుక్కుమనే అభ్రకం. అమ్మ పక్కన పడేసిన పాత జల్లెడలో పోసి ఊపితే దుమ్ము కిందికి పోయి, నలుసులు పైన నిలిచేవి. మరీ పెద్దవి చేత్తో ఏరేసేవాళ్లం.

పోయడం కూడా నాన్నే చూపించాడు. అప్పట్లో నిజం లైను మీద ఒక స్లీపర్‌కు నలుగురు నిలబడేవాళ్లు, ఒక్కో పట్టా దగ్గర ఇద్దరు, ఒకరికొకరు వీపు పెట్టి. ఇద్దరూ ఒకేసారి బీటర్లు దించి, పట్టా ఉన్న చోట స్లీపర్ కిందికి కంకరను తోసేవాళ్లు. ఒక్కవైపే కొడితే స్లీపర్ ఒరుగుతుంది. దెబ్బ కలవడానికి ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. కోడికూత వేళ లైను మీంచి వినబడే ఆ పాట పాట కోసం కాదనీ, దెబ్బ తప్పకుండా ఉండడానికనీ అప్పుడు అర్థమైంది. మేమైతే ఇద్దరిద్దరం ఎదురెదురు కూర్చుని, అగ్గిపుల్లలతో పుల్లల కింద నలుసులు కూరేవాళ్లం. స్లీపర్ నడిమధ్యన మాత్రం గట్టిగా కూరొద్దన్నాడు. బరువు పడేది పట్టాల కింద, గట్టిదనం అక్కడ ఉండాలి. మధ్యలో గట్టిపడితే స్లీపర్ రెండు కొసలూ ఊగుతాయి.

ఆ రోజు బండి వేపచెట్టు మొదలు నుంచి గోడ దాకా పడకుండా పోయింది. డ్రైవరు గారి అబ్బాయి లేచి నిలబడి, "లైను సంగతి ఇక నువ్వే చూసుకో," అన్నాడు నాతో. అప్పటి నుంచి నా అనుమతి లేకుండా ఇంజను కదిలేది కాదు. ఒకచోట కంకర కదిలిందని నేనంటే, అంత పెద్ద ఇంజనూ సిగ్నలు దగ్గర ఆగాల్సిందే.

తర్వాతి గొడవ కంకరను నిలపడం. చెయ్యి తగిలినా, కోడి గీరినా చెదిరిపోయేది. నలుసులు కదలకుండా అంటించాలని తుమ్మబంక ఏరుకొచ్చి నీళ్లలో నానబెట్టాం. చుక్క వేస్తే లోపలికి దిగదు. పొడి దుమ్ము మీద తామరాకు మీది నీటిబొట్టులా గుండ్రంగా నిలబడి, నలుసులను ఒంటికి చుట్టుకుని పక్కకు దొర్లేది. దొర్లిన చోట గుంట. దీనికి మందు కనిపెట్టింది ట్రైన్ ఎగ్జామినర్ గారి అమ్మాయి. ఆదివారం తలంటుకు పిసికిన కుంకుడుకాయల రసం గిన్నె అడుగున మిగిలితే పట్టుకొచ్చి, దాంట్లో నీళ్లు కలిపి ముందు కంకరంతా తడిపింది. బొట్టు కట్టలేదు, గుంట పడలేదు. తడి నలుసుల మధ్యగా లోపలికి దిగిపోయింది. ఆ తడి మీద తుమ్మబంక నీళ్లు వేస్తే అవీ దాని వెంటే దిగాయి. మర్నాడు ఎండకు లైను రాయిలా బిగిసింది.

దీని వెనక ఉన్నది తలతన్యత. నీటి పైపొర బిగువుగా ఉండి పొడి దుమ్ములోకి చొరబడదు. కుంకుడులోని సాపోనిన్లు ఆ బిగువు సడలిస్తాయి. రైలు నమూనాలు చేసే అభిరుచి ఉన్నవాళ్లు ఇవ్వాళ ఏ దేశంలోనైనా సరిగ్గా ఇదే వరస పాటిస్తారు. ముందు సబ్బుచుక్క కలిపిన నీళ్లో, ఐసోప్రొపైల్ ఆల్కహాలో స్ప్రే చేసి తడుపుతారు. తర్వాత ఫెవికాల్ లాంటి తెల్లజిగురును సమానంగా నీళ్లు పోసి పలచన చేసి, డ్రాపర్‌తో చుక్కలుగా వేస్తారు.

ఉద్యోగం దిగాక హైదరాబాదు ఇంట్లో ఒక గోడ పొడుగునా బల్ల కట్టించి, కాజీపేట యార్డు తలవైపు ముక్క ఒకటి హెచ్.ఓ. స్కేలులో మొదలుపెట్టాను. అంటే అసలు దానికి 87వ వంతు. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 87తో హెచ్చిస్తే దాదాపు 1,435 మిల్లీమీటర్లు, యూరప్, అమెరికా గేజి. మన బ్రాడ్ గేజి 1,676. అది 87వ వంతులో 19 మిల్లీమీటర్లు దాటుతుంది. అందుకే బజారులో దొరికే పట్టాల మీద మన ఇంజను కాస్త ఇరుగ్గా నిలబడినట్టుంటుంది. చాలామంది దాంతోనే సర్దుకుంటారు. గేజి తేడా కన్ను క్షమిస్తుంది. రాయి సైజు తేడాను మాత్రం క్షమించదు.

మన రైల్వే కంకరలో దాదాపు అంతా 20 నుంచి 65 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. 87తో భాగిస్తే పావు మిల్లీమీటరు నుంచి ముప్పావు. టీ వడపోతలోంచి జారి, మైదా జల్లెడ మీద నిలిచేది దాదాపు ఆ సైజే. సులువైన పరీక్ష ఒకటుంది. స్లీపర్ వెడల్పుకు అడ్డంగా నాలుగైదు నలుసులు పట్టాలి. రెండే పడితే అది కంకర కాదు, బండరాళ్లు. కంకర స్లీపర్ పైఅంచు దాకానే రావాలి, స్లీపర్ మీద ఒక్క నలుసు మిగలకూడదు. మెత్తటి కుంచెతో పట్టాల మధ్య తోసుకుంటూ పోయి, వేలితో పట్టా మీద తట్టితే మిగిలినవి జారి పడతాయి. ఓపికంతా ఇక్కడే పెట్టాలి. జిగురు పడ్డాక సర్దడం కుదరదు.

కంకర కోసం వాగు ఇసుక తెచ్చేవాళ్లు దాంట్లో అయస్కాంతం తిప్పి చూడండి. మా చిన్నప్పుడు పాత రేడియో స్పీకరు అయస్కాంతానికి దారం కట్టి ఇసుకలో ఈడిస్తే నల్లటి మీసాలు మొలిచేవి, అదో సరదా. ఆ నల్ల రేణువులు నమూనా ఇంజను మోటారులోకి పోతే అక్కడి అయస్కాంతానికి అంటుకుని దాన్ని పాడుచేస్తాయి. సముద్రపు ఇసుకైతే ఉప్పు పోయేదాకా కడగాలి కూడా. అసలు ఇసుక కన్నా క్రషర్ పొడే మేలు. దానికి కోసులుంటాయి. బండి లైను మారే పాయింట్ల దగ్గర కదిలే పట్టాల కింద జిగురు చుక్క పడకూడదు. అక్కడ కంకర పలచగా, కుంచెతో జిగురు పూసి అంటించుకోవాలి. ఆరాక పట్టాల పైభాగం గుడ్డతో తుడవకపోతే కరెంటు అందక బండి ఆగిపోతుంది.

రంగు విషయంలో ఊరిని బట్టి పోవాలి. కాజీపేటకు బూడిద, లేత ఎరుపు కలిసిన గ్రానైటు. వికారాబాదు వైపు లైను చేసేవాళ్లకు దక్కను నల్లరాయి. ప్లాట్‌ఫారం పక్కన బ్రేకుల ఇనుప పొడి పడి కంకర తుప్పురంగుకు తిరుగుతుంది. ఆవిరి ఇంజన్ల షెడ్డు లైనుకైతే బొగ్గు బూడిదే కంకర. వేపచెట్టు కింద షెడ్డు లైనుకు డ్రైవరు గారి అబ్బాయి వాళ్లింటి కుంపటి బూడిద పోయించింది ఆ లెక్కనే.

ఈ అభిరుచి మన దగ్గర కొత్తదేం కాదు. పుణెలో జోషి గారి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి జనానికి రైలు నమూనాలు చూపిస్తోంది. అక్కడికి వెళ్లినవాళ్లు ఇంజన్ల ముందే గుమిగూడతారు. ఈసారి వెళ్తే కాస్త వంగి పట్టాల కిందికి చూడండి.

ఇంట్లో ఈ పని మొదలుపెట్టాలనుకునే తల్లిదండ్రులకు నా సలహా ఒకటే. పిల్లలకు ముందు ఇంజను కొనిపెట్టకండి. ఒక అడుగు లైను, పిడికెడు క్రషర్ పొడి, ఒక జల్లెడ, ఒక కుంచె, కాస్త జిగురు ఇచ్చి కూర్చోబెట్టండి. నిజం లైను మీదికి మాత్రం ఒక్క రాయి కోసమైనా పంపకండి, అది నేరం, ప్రాణానికి ముప్పు కూడా. ఆ ఒక్క అడుగూ లెవెల్‌గా వచ్చిన రోజున ఇంజను కొనండి.