స్పే నది ఒడ్డున ఒక శనివారం

మా తమ్ముడు స్కాట్లండులోని ఆబర్డీన్ పట్టణానికి వెళ్ళి పన్నెండేండ్లు దాటినది. వాడిని చూచి రమ్మనీ, వీలైతే వెంటబెట్టుకొని రమ్మనీ మా అమ్మ ఆజ్ఞ. 2024 జూన్‌లో ఆఫీసుకు పదిహేను రోజులు సెలవు పెట్టి, వాడే పంపిన టిక్కెట్లతో, మా ఆవిడను వెంటబెట్టుకొని బెంగుళూరు నుంచి బయలుదేరినాము. అక్కడి కోటలను గురించీ మ్యూజియములను గురించీ వ్రాసేవారు చాలామంది ఉన్నారు. మేము వ్రాయబోయేది ఒక నదిని గురించి, ఆ నదిలో చేప పట్టే కర్రకూ దారానికీ ఉండవలసిన పొత్తును గురించి. ఇదేమి విషయమని చదువరులు నవ్వవచ్చును. మేమూ మొదట నవ్వినవారమే.

ఆబర్డీన్ నుంచి గ్రాంటౌన్-ఆన్-స్పే అనే ఊరికి కారులో రెండున్నర గంటల ప్రయాణం. దారిలో లెఖ్ట్ అనే కొండ ఎక్కి దిగాలి. చలికాలంలో మంచు పడితే ముందుగా మూతపడే దారులలో అది ఒకటి. మేము పోయిన నాడు మాత్రం కొండంతా ఎండ కాస్తూ, రోడ్డుకు అడ్డంగా గొర్రెలు నిలబడి ఉన్నవి.

కారు తోలుతూ తమ్ముడు తన సంగతి చెప్పుకొచ్చినాడు. 2015లో చమురు ధర పడిపోయినప్పుడు వాడి ఉద్యోగం పోయినది. ఎనిమిది నెలలు ఖాళీ. తరువాత దొరికినది తక్కువ జీతపు పని. ఆ ఖాళీ రోజులలోనే పక్కింటివారి దగ్గర పాత గాలపు కర్ర ఒకటి కొన్నాడట. పదిహేనడుగుల పొడవు, రెండు చేతులతో పట్టవలసిన కర్ర. సాల్మన్ అనే పెద్ద చేపకు అది వాడతారు. ఏటా వేసవిలో నాలుగైదు సార్లు ఈ నదికి వచ్చి విసురుతూనే ఉన్నాడు, దారం మాత్రం పట్టుమని పదిహేను గజాలు పోదు.

"ఇక అమ్మేస్తానన్నయ్యా. ఈ కర్ర మన చేతికి వచ్చేది కాదు. ఈ ఊరూ అంతే. వచ్చేద్దామనుకుంటున్నాను" అన్నాడు.

మేము పైకి ఏమీ అనలేదు గాని లోపల సంతోషించినాము. వచ్చిన పని దారిలోనే అయిపోయినది కదా! మా ఆవిడ మాత్రం కిటికీ వైపు చూస్తూ ఊరుకున్నది.

గ్రాంటౌన్ చిన్న ఊరు. సర్ జేమ్స్ గ్రాంట్ అనే జమీందారు 1765లో కొలత ప్రకారం కట్టించినాడు. బూడిదరంగు రాతి ఇండ్లు, మధ్య విశాలమైన బజారు. ఊరికీ నదికీ నడుమ దేవదారు జాతి చెట్ల అడవి. అది దాటితే 1754లో సైనికులు కట్టిన పాత రాతి వంతెన. దాని కింద స్పే నది. పడమటి కొండలలో ఒక చిన్న సరస్సు దగ్గర పుట్టి, సుమారు 170 కిలోమీటర్లు పారి, ఈశాన్యాన సముద్రంలో కలుస్తుంది. బ్రిటన్ నదులలో మంచి వడి గలదని దీనికి పేరు. నీళ్ళు పలుచని టీ డికాక్షను రంగు. కొండమీది కుళ్ళిన నాచుమట్టి గుండా వచ్చినందువల్ల ఆ రంగు. అడుగున రాళ్ళు మాత్రం స్పష్టంగా కనిపిస్తవి.

ఇక్కడ సాల్మన్ పట్టడానికి కట్టుబాట్లు చాలా ఉన్నవి. ఫిబ్రవరి 11 నుంచి సెప్టెంబరు 30 వరకే రుతువు. ఆదివారం పట్టరాదని స్కాట్లండు చట్టం. తమ్ముడు ముందుగానే సంఘం వారి అనుమతి చీటీ కొని ఉంచినాడు. చేప పడినా దాదాపు అందరూ తిరిగి నీళ్ళలోనే వదిలివేస్తారు. చేపలు తగ్గిపోయినవి. 2023 డిసెంబరులో బ్రిటన్ సాల్మన్‌ను అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల పట్టికలో చేర్చినారు.

మా నాయన ఆదివారాలు హొసకోట చెరువుకు గాలం తీసుకొని పోయేవాడు. వెదురు కర్ర, నూలు దారం, బెండు, సీసపు గుండు, వానపాము. గుండు బరువుతో దారం ముందుకు పోయేది. ఇక్కడి పద్ధతి అందుకు తారుమారు. కొక్కేనికి ఈకలు చుట్టి పురుగువలె చేస్తారు, దానికి 'ఫ్లై' అని పేరు. దానికి బరువే లేదు. కనుక విసరవలసినది కొక్కెమును కాదు, దారమునే. అందుకోసమే దారాన్ని కొరడావలె, ఒక పక్క లావుగా, కొసకు సన్నగా చేస్తారు. ఆ లావు భాగానికి 'తల' అని పేరు. కర్ర విల్లు వంటిది. దారపు బరువుకు అది వంగాలి. వంగినది తిరిగి సాగినప్పుడు దారం ఎగిరిపోవాలి.

ఒంటిచేతి కర్రతో అయితే దారాన్ని వెనుకకు బారుగా విసిరి, మళ్ళీ ముందుకు విసురుతారు. స్పే ఒడ్డున అది సాగదు. వెనుకనే చెట్లు, నిటారు గట్లు. కనుక పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి వారు వేరొక విసురు కనిపెట్టినారు. దారాన్ని నీటి మీదనే తిప్పి, దాని కొస పక్కన నీళ్ళలో ఆని ఉండగా, మిగతా దారం వీపు వెనుక వంపు తిరిగేటట్లు చేసి, అక్కడి నుంచి ముందుకు తోస్తారు. కొస నీళ్ళలో ఆనిన చోటే పట్టు. దానితో కర్ర వంగుతుంది. ఈ విసురుకు ప్రపంచమంతటా ఈ నది పేరే: స్పే కాస్టు.

తమ్ముడు తొడల దాకా రబ్బరు తొడుగులు వేసుకొని నీళ్ళలో దిగినాడు. విసిరినాడు. దారం గాలిలో చుట్టలు చుట్టుకొని ముందర కుప్పగా పడినది. మరింత బలంగా విసిరినాడు. మరింత దగ్గరగా పడినది. పదిసార్లు అయిన తరువాత వాడి మెడ ఎర్రబడడం మేము గట్టు మీది నుంచి చూచినాము. చిన్నప్పుడు లెక్కలలో తప్పినప్పుడు కూడా వాడి మెడ అట్లాగే ఎర్రబడేది.

ఇంతలో ఒక ముసలాయన వచ్చినాడు. డెబ్బయి దాటిన మనిషి, ఒకప్పుడు గిల్లీగా పని చేసినవాడు. చేపలు పట్టవచ్చిన దొరలకు నది చూపించి, విసరడం నేర్పి, వెంట ఉండే పనివారిని అక్కడ గిల్లీలంటారు. కాసేపు చూచి, తమ్ముడిని గట్టుకు రమ్మన్నాడు.

"కర్ర మీద ఎంత అని ఉంది?"

"పది."

"దారం?"

"అదీ పదే. అందుకే కొన్నాను."

"ఏ పది?" అన్నాడు ముసలాయన.

తమ్ముడు జవాబు చెప్పలేకపోయినాడు. అప్పుడాయన గట్టు మీద కూర్చొని చెప్పినది మాకు తెలిసినంత వరకు వ్రాస్తున్నాము.

పూర్వం పట్టు దారాలుండేవి. లావును బట్టి వాటికి అక్షరాలు పెట్టేవారు. నైలాను మొదలైన కొత్త దారాలు వచ్చిన తరువాత, లావు ఒకటే అయినా బరువులు వేరు కావడంతో ఆ లెక్క చెడినది. 1960 ప్రాంతంలో అమెరికా వర్తకులు కూడి, దారపు మొదటి 30 అడుగులను తూచి, ఆ బరువుకు ఒక అంకె ఇచ్చినారు. ఎనిమిది అంటే 210 గ్రెయినులు, పది అంటే 280, పన్నెండు అంటే 380. గ్రెయిను అంటే పౌనులో 7000వ వంతు, మన కంసాలి గురిగింజలో సుమారు సగం ఎత్తు. ఈ లెక్క ఒంటిచేతి కర్రలకు సరిపోయినది. రెండు చేతుల కర్ర సంగతి వేరు. అది మోయవలసిన తల 30 అడుగులు కాదు, 40, 50, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ. అందుచేత వాటికి తరువాత వేరే పట్టిక వేసినారు. అందులో పది అనే ఒక్క అంకె కిందనే తల పొడవును బట్టి నాలుగు రకాల బరువులు. తమ్ముడు కొన్నది ఒంటిచేతి పది. కర్ర మీద ఉన్నది రెండు చేతుల పది.

"అంకె చూసి కొనకు. తల బరువెంత, పొడవెంత, అది అడుగు" అన్నాడాయన.

బరువు తక్కువైతే కర్ర వంగదు. మనిషి బలంతో ఆ లోటు తీర్చాలని చూస్తాడు, పని ఇంకా చెడుతుంది. బరువు ఎక్కువైతే కర్ర మొదలుదాకా వంగి, లేవలేక దారాన్ని నీళ్ళలో చతికిలబెడుతుంది. పొడవూ అంతే ముఖ్యం. చలిరోజులలో మునిగే కొసా బరువు ఫ్లైలూ వేయడానికి పొట్టిదైన బరువు తల మంచిది. ఆ రకానికి అమెరికాలోని స్కాజిట్ నది పేరు. వేసవిలో నీరు తగ్గినప్పుడు చప్పుడు లేకుండా వాలడానికి కర్రకు సుమారు మూడు రెట్ల పొడవుండే, సన్నని కొస గల స్కాండినేవియా రకం. పాతకాలపు స్పే తల ఇంకా పొడుగు.

చెప్పి, తన సంచిలోంచి దారపు చుట్ట ఒకటి తీసి తమ్ముడి రీలుకు తగిలించినాడు. దాని చీటీ మీద 42 గ్రాములని ఉన్నది. కొసకు కట్టిన ఫ్లై పక్కన చిన్న కన్ను వంటి తెలుపు పసుపు మచ్చలున్న ఈక కనబడినది. అది మన దక్షిణదేశపు అడవికోడి మెడ ఈక. ఒకప్పుడు ఇక్కడి నుంచి ఓడలలో పోయేది. మన ప్రభుత్వం ఎగుమతి ఆపి దశాబ్దాలైనది. ఇప్పుడు ఆ కోళ్ళను అక్కడే పెంచుతున్నారు.

తమ్ముడు మళ్ళీ నీళ్ళలో దిగినాడు. ముసలాయన గాలి ఏవైపు నుంచి వస్తున్నదో చూచి, వీపు వెనుకటి వంపు గాలి పోయే పక్కకే ఉండాలన్నాడు. తప్పితే కొక్కెం మొగానికే వస్తుందట. ఇక బలం పెట్టవద్దన్నాడు. వాడు తిప్పినాడు, ఒక్క క్షణం ఆగినాడు, తోసినాడు. కర్ర నిండుగా వంగడం మా కంటికే కనిపించినది. దారం నీటికి జానెడు పైన సాగుతూ పోయి, నది నడుమ దాటి, ఆవలి నీడలో మెల్లగా వాలినది.

ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడు వెనుదిరిగి మా వైపు చూచినాడు. లెక్క తప్పిందని కొట్టబోయిన మాస్టరే లెక్క పుస్తకంలో అచ్చుతప్పు చూపిస్తే పిల్లవాడి మొగం ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నది.

ఆ తరువాత మమ్మల్ని కూడా విసరమన్నారు. మేము మా టోపీని పట్టినాము. మా ఆవిడ మూడోసారికే ఇరవై గజాలు వేసినది. ఆమె బలం పెట్టదు గనుక వచ్చినదని ముసలాయన నవ్వినాడు. సాయంత్రం ఎనిమిది దాటినా ఎండ పోలేదు. చేప ఒక్కటి కూడా పడలేదు.

రాత్రి ఆబర్డీన్ చేరిన తరువాత మాకు గుమాస్తా బుద్ధి ఊరుకోలేదు. తమ్ముడి పాత దారాన్ని నడవలో 30 అడుగులు కొలిచి, ఆ భాగాన్ని గోధుమపిండి తూచే వంటింటి త్రాసు మీద పెట్టినాము. 18 గ్రాములు. గ్రాముకు పదిహేనున్నర గ్రెయినుల చొప్పున సుమారు 280. ముసలాయన దారం 42 గ్రాములు, అంటే 650 దాకా. రెండు రకాల పొడవు వేరే అయినా, వీడు ఇన్నేండ్లు ఆ కర్రకు కావలసిన బరువులో సగమైనా ఇవ్వకుండా విసిరినాడన్నమాట. అన్నేండ్లూ తప్పు తన చేతిదే అనుకున్నాడు.

ఆ కాగితం చూపించగానే వాడు చాలాసేపు చూచి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కర్ర అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. రెండోనాడు వచ్చేవారానికి అనుమతి చీటీ కొనుక్కున్నాడు. మేము పొద్దున కారులో సంతోషించినది దేనికో అప్పుడు తెలిసి సిగ్గుపడినాము. వాడు మా దగ్గరకు రావాలనుకోవడంలో తప్పు లేదు. వాడు ఓడి రావాలనుకున్నాము, అది తప్పు. మా ఆవిడకు ఆ సంగతి దారిలోనే తెలిసినదట.

ఇంటికి వచ్చిన తరువాత అమ్మ గుమ్మంలోనే అడిగినది. "వాడేడి?"

"ఉంటాడమ్మా. సంక్రాంతికి వస్తానన్నాడు."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కాఫీ ఇచ్చి, నది సంగతంతా చెప్పించుకొని, "ఇంతకూ చేప పడిందా?" అన్నది. లేదన్నాము. "మరి అంతసేపు నీళ్ళలో నిలబడి ఏం చేశాడు?" అన్నది. విసరడం నేర్చుకున్నాడన్నాము.

అప్పుడు మాకు తెలియని సంగతి ఒకటి చెప్పినది. మా తాత చిత్తూరు పక్క పల్లె విడిచి బెంగుళూరుకు వచ్చిన కొత్తలో, వాళ్ళమ్మ కూడా వెంటబెట్టుకొని రమ్మని ఒక మనిషిని పంపినదట. ఆ వచ్చినవాడు మూడు రోజులుండి, తాత పెట్టిన చిన్న అంగడి చూచి, ఒంటరిగానే తిరిగి పోయినాడట. ఊళ్ళో ఆ తల్లికి ఏమి చెప్పినాడో మా అమ్మకు తెలియదు.