గోలీల సంచి

ఆప్తులకు,

మీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఆలంపూర్లో మా చిన్నవ్వ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

ఇక్కడ చాలా ఇళ్లలో గోడ మేకుకు ఒక మందుల సంచి వేలాడుతుంటుంది. ఊరు తెలంగాణలోదే అయినా, పెద్ద జబ్బు చేస్తే తుంగభద్ర దాటి కర్నూలుకే పోతారు. అక్కడి డాక్టరు బీపీకి ఆమ్లోడిపిన్‌ను ఏదో కంపెనీ పేరుతో రాస్తాడు. ఊళ్లో సర్కారు దవాఖానాలో అదే మందు ఇంకో అట్టలో ఇస్తారు. చిన్నవ్వ రెండూ వేసుకుంటోంది. అదేమిటని అడిగితే, "రంగు యేరే గదనా, మందు గూడ యేరే అనుకుంటి" అంది. ఒకే మందు రెండింతలు పడుతోందని, ఆమె కాళ్లు అందుకే వాచాయని అప్పుడు తెలిసింది నాకు.

చదువు లేకపోవడం వల్లే కదా అంటారేమో. నేనలా అనుకోను. చీటీ మీద 1-0-1 అని ఉంటే పొద్దునొకటి, రాత్రికొకటి అని ఆమెకు బాగా తెలుసు. అయితే సీడు పత్తి చేలకు కూలికి పోయే వాళ్లు పొద్దున్నే సద్ది కట్టుకుని బయల్దేరతారు. షుగరు గోలీ గ్లిమెపిరైడ్ ఇంట్లో మింగి, చేనుకాడ ఎప్పుడో పదింటికి తింటే ఏమవుతుంది? చెమటలు, వణుకు. ఇక కార్తీక సోమవారాలు, శివరాత్రి వచ్చాయంటే కొందరు ఒక్కపొద్దని గోలీలన్నీ మానేస్తారు, కొందరు ఖాళీ కడుపునే అన్నీ మింగేస్తారు. షుగరు గోలీల విషయంలో ఈ రెండోదే నాకు ఎక్కువ భయం. ఒక్కపొద్దుల సంగతి డాక్టరు అడగడు, వీళ్లు చెప్పరు.

మందుల వాడకంలో జరిగే హానిని తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఒక పెద్ద కార్యక్రమమే మొదలుపెట్టింది. మన దగ్గర మాత్రం "అర్థమైందా?" అని అడిగి పంపేస్తారు. ఆ ప్రశ్నకు తలూపనిదెవరు! "ఇంటికి పోయి ఎట్ల ఏసుకుంటవో చెప్పవ్వా" అని నర్సమ్మ అడిగితే పొరపాటు అక్కడే బయటపడుతుంది.

అన్నట్టు, థైరాయిడ్ గోలీ కాఫీతో వేసుకుంటున్నానని రాశారు. అలా వద్దండీ. పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగండి. కాల్షియం గోలీకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. అట్టలు కత్తిరించి డబ్బాలో పోసుకున్నారట కదా, పేరు కనబడని ముక్కలు వాడకండి. మందుల షాపులో చీటీ చూపించి కొత్త అట్ట తెచ్చుకుని, మీకు ఎలా ఉందో నాకు రాయండి.

మీ
స్నేహితురాలు