చుట్టాల కొండ

వెంకటాపురం దగ్గర అటవీశాఖ వాళ్లు సంచులు విప్పించి చూస్తున్నారు. ప్లాస్టిక్ కవర్లు, అగ్గిపెట్టెలు, బీడీకట్టలు ఒక పక్కన కుప్పగా పడి ఉన్నాయి. ఇక్కణ్ణుంచి ముందుకు పోతే నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. మామూలు రోజుల్లో ఈ కాలిబాట మీద జనాన్ని పోనివ్వరు. శివరాత్రికీ ఉగాదికీ మాత్రం కొద్దిరోజులు తెరుస్తారు. నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెర్వు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం... నలభై కిలోమీటర్లకు అటూ ఇటూగా నల్లమల గుండా సాగి శ్రీశైలం చేరుతుంది. దోర్నాల ఘాట్ రోడ్డెక్కితే ఒక పూటలో బస్సు దింపే చోటికి ఇంత అడవి ఎందుకు తొక్కాలని నాకెప్పుడూ అనుమానమే. మా వదినకు ఆ అనుమానం ఎన్నడూ రాలేదు. ఏటా ఉగాదికి ముందు చెప్పులు విడిచి బయలుదేరుతుంది.

మా అన్న 2021లో, కరోనా రెండో విడతలో పోయాడు. ఆక్సిజన్ ఉన్న మంచం కోసం ఒక రాత్రంతా నంద్యాల వీధుల్లో తిరిగాం. ఆ ఏడాది చివర్లోనే మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. పూత పూతగానే మాడిపోయింది. అన్న వదిలిపోయిన అప్పు మీద వదిన మరో అప్పు చేసి ఆ పంట పెట్టింది. నేను మా ఇంట్లో దీపం పెట్టడం మానేశాను. వదిన మానలేదు. ఆ మరుసటి ఉగాదికి కూడా నడిచి పోయింది. నాకు అది అర్థం కాకపోగా కొంచెం కోపం కూడా వచ్చింది. అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇంట్లో కూర్చుని అడిగే మాట కాదది. అందుకే ఈసారి వెంట వచ్చాను.

చావు ఇంటికి వచ్చినవాళ్లంతా "దేవుడు పరీక్ష పెడుతున్నాడమ్మా" అని ఒకే మాట చెప్పిపోయారు. బడిపంతులమ్మను కాబట్టి నాకీ మాట బొత్తిగా గిట్టదు. పాఠం చెప్పకుండా పరీక్ష పెట్టే మాస్టారును మేమైతే హెడ్మాస్టరు దగ్గరికి లాక్కెళతాం. అంత దుఃఖంలోనూ వదిన ఆ మాట అనగా నేను వినలేదు.

ఫాల్గుణ బహుళంలో నల్లమల సగం ఎండిపోయి ఉంటుంది. ఆకు రాల్చేసిన కొమ్మల మీద మోదుగపూలు మాత్రం ఎర్రగా మండుతుంటాయి. కాళ్ల కింద ఎండుటాకుల చప్పుడు, ముందూ వెనకా కన్నడంలో కేకలు. ఈ దారి ఉగాదికి కన్నడిగులదే. రాయచూరు, బళ్లారి, బాగల్కోటె, విజయపుర, బెళగావి వైపు నుంచి బయలుదేరి వందల కిలోమీటర్లు నడిచి ఆత్మకూరు చేరతారు. అడవి వాళ్లకు ఆఖరి అంకం మాత్రమే. కొందరు భుజాన కావడిలాంటి కంబి మోస్తారు. కొందరు రెండు పొడవాటి కర్రలకు కాళ్లు కట్టుకుని వాటి మీద నడుస్తారు. ఆ కర్రకాళ్లవాళ్లు మెట్లు కనబడితే దిగి భుజాన వేసుకుంటారని ఊహించాను. ఒకాయన దిగలేదు. బోడిగుండు, తెల్లగడ్డం, చేతిలో ఊతకర్ర. పైనుంచి మమ్మల్ని చూసి నవ్వి, మా ముందే టకటకా వెళ్లిపోయాడు.

1830లో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రకు పోతూ ఈ నాగలూటి, పెచ్చెర్వు మీదుగానే శ్రీశైలం వెళ్లాడు. పల్లకీ, బోయీలు, పరివారం ఉన్న యాత్ర ఆయనది. అయినా అప్పట్లో ఈ అడవి దాటడం సులువేమీ కాదు. ఇప్పుడు మజిలీ మజిలీకి నీళ్ల ట్యాంకరు, పందిరి, వైద్య శిబిరం ఉన్నాయి. వాటికి మించి ఆత్మకూరు చుట్టుపక్కల జనం ఉన్నారు. మజ్జిగ పోసేవాళ్లు, పుచ్చకాయ కోసి ఇచ్చేవాళ్లు, వేడినీళ్లతో కాళ్లు కడిగి నూనె రాసేవాళ్లు. ఒక కుర్రాడు జీన్స్ ప్యాంటు మడిచి కూర్చుని, ముక్కూ మొహం తెలియని ముసలాయన అరికాళ్లు ఒళ్లో పెట్టుకుని బొబ్బలకు పసుపు పెడుతున్నాడు. బడిలో ఇలాంటి కుర్రాడి చేత బోర్డు తుడిపించడానికే నా తల ప్రాణం తోకకొస్తుంది.

నాగలూటిలో వీరభద్రస్వామి గుడి దగ్గర ఆగాం. పక్కన కూర్చున్న రాయచూరు అమ్మ మూట విప్పి, అప్పడంలా పెళపెళలాడే జొన్నరొట్టె, వేరుశనగ చట్నీపొడి మాకూ పెట్టింది. వదిన చింతకాయ తొక్కు తీసింది. ఆమెకు తెలుగు సగం వచ్చు, వదినకు కన్నడం సగం వచ్చు. ఇద్దరికీ కలిపి ఒక భాష సరిపోయింది. ఆమె మూటలో అడుగున, పసుపు గుడ్డలో చుట్టిన చీర ఉంది. శ్రీశైల మల్లన్న భార్య భ్రమరాంబ కన్నడిగులకు ఇంటి ఆడపడుచు. ఏడాదికోసారి చీర, సారె, పసుపు కుంకుమలు పట్టుకుని చూసి రావాలి. పండగపూట పుట్టింటివాళ్లు రాకపోతే అత్తింట్లో పిల్లకు ఎంత నామోషీ!

2009 వరదలో రాయచూరు అమ్మ ఇల్లు కూలిపోయిందట. ఆ అక్టోబరులో కృష్ణా, తుంగభద్రా పొంగితే మా కర్నూలు కూడా మునిగింది. తెల్లారేసరికి మేడల మీద జనం. ఆ కథ మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె గడ్డివాము, రెండు ఎనుములు, వడ్లగాదె కొట్టుకుపోయాయి.

"మరి ఆ ఉగాదికి?" అన్నాను.

"బందె," అంది, వచ్చానని. "చీర ఉద్దరకు తెచ్చితి. మళ్లీ పంటకు కట్టితి."

ఇంకేమీ చెప్పలేదు. చట్నీపొడి ఇంకాస్త నా రొట్టె మీద వేసింది.

దామెర్లకుంట దాటాక దారి పొడుగైంది. పాదాల సంగతి ఇక్కడ రాయను, ఈ దారిన నడిచినవాళ్లకు తెలుసు. అమావాస్య దగ్గరపడుతున్న రోజులు కాబట్టి వెన్నెల లేదు. పొద్దుగూకగానే అడవి ఒక్కసారిగా మూసుకుపోయింది. ఎలుగుబంట్లు తిరిగే చోటని, గుంపులు విడిపోవద్దని అటవీ సిబ్బంది అరుస్తున్నారు. టార్చిలైట్ల వరస పాములా వంకలు తిరుగుతూ పోతోంది. పెచ్చెర్వు చేరి చెట్టు కింద దుప్పటి పరిచాం.

పెచ్చెర్వులో చెంచుగూడెం ఉంది. మంట దగ్గర ఒక చెంచు పెద్దాయన కూర్చుని ఉంటే మాట కలిపాను. మీరూ కొండకు నడుస్తారా అని అడిగితే నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూశాడు. "మా అల్లుడే గదమ్మా," అన్నాడు. మల్లన్న వేటకొచ్చి చెంచుపిల్లను మనువాడాడని వాళ్ల కథ. అందుకే ఆయన చెంచు మల్లయ్య. అల్లుడు బాగా చూసుకుంటున్నాడా అని నవ్వుతూ అడిగాను. "యాడ సూస్తాడు! పెద్దగుడి కట్టుకున్న్యాడు, మమ్మల్ని అడివిలోనే పెట్న్యాడు," అని ఆయనా నవ్వాడు. ఆ మాటలో ఫిర్యాదు ఉంది, తెగతెంపులు లేవు. తరతరాలుగా ఈ అడవిలో బతుకుతూ, పులుల కోసం తమ గూడేల చుట్టూ గీతలు గీస్తుంటే చూస్తున్న మనిషి నోట వచ్చిన మాట అది.

రాత్రి వదినకు నిద్ర పట్టలేదు. నాకూ పట్టలేదు. హేమారెడ్డి మల్లమ్మ కథ ఎత్తుకుంది. మా వైపు ఆడవాళ్లకు ఈ కథ తెలియకుండా ఉండదు. కన్నడ దేశంలో ఇంకా ఎక్కువ తెలుసు, కర్ణాటక ప్రభుత్వం మే 10న ఆమె జయంతి జరుపుతుంది. మల్లమ్మ మెట్టినిల్లు ఆత్మకూరు దగ్గరి సిద్ధాపురమేనని ఇక్కడివాళ్ల నమ్మకం. మొగుడు అమాయకుడు. అత్త, తోడికోడళ్లు పెట్టిన బాధకు అంతు లేదు. ఎంగిలి మెతుకులు పెట్టి గొడ్లవెంట తోలారు. ఆమె చేతిలో ఉన్నది ఒక్క మల్లన్న పేరే. చివరికి ఆయన ప్రత్యక్షమై ఏం కావాలంటే, తనకేమీ వద్దు, తన కులానికి సిరి తగ్గకుండా చూడమని అడిగిందట. చెడు సావాసాలు పట్టిన మరిదిని దారిలో పెట్టిందీ ఆమేనని, ఆ మరిది మన వేమనేనని కన్నడిగులు చెప్పుకుంటారు.

ఈ కథలోని ఓర్పును ఆడపిల్లలకు నీతిపాఠంగా చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అత్త కొడితే పడుండు, దేవుడు చూసుకుంటాడు అనే మాట ఎంతమంది ప్రాణాలు తీసిందో పేపర్లలో రోజూ చూస్తున్నాం. అదే వదినతో అన్నాను. వాదనకు దిగలేదు.

"మల్లమ్మ ఊరకే పడుండలేదు మే. ఆయప్పతో దినామూ కొట్లాడింది. నువ్వు యాడున్నావు, ఏం చేస్తాండావు అని నిలదీసింది. ఆ కొట్లాట యెవురూ చెప్పరు," అంది.

ఇదే అదనని అడగాలనుకున్న మాట అడిగేశాను. అన్న పోయినప్పుడు నీకు కోపం రాలేదా వదినా?

చాలాసేపు పలకలేదు. మంటలో పుల్ల ఎగదోసింది.

"రాకేం. ఆ ఏడు గుళ్లో నిలబడి నోటికొచ్చినట్ల తిట్టినా. దండం పెట్టలేదు. తిట్టేకే నడిచి పోయినా." కాసేపాగి, "మీ అన్నతో ఎన్నిదినాలు మాట్లాడకుండా ఉంటి! అన్నం వండేది మానుకుంటినా?" అని దుప్పటి తలమీదికి లాక్కుంది.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్లూ నేను వదిన భక్తిని వడ్డీ లెక్కలో చూశాను. ఇంత పెట్టుబడి పెట్టింది, ఇంత నష్టపోయింది, ఇంకా ఎందుకు పెడుతోంది అని. వదిన దగ్గర ఆ చిట్టా పుస్తకమే లేదు. ఆమెకున్నది చుట్టరికం. మల్లన్న చెంచులకు అల్లుడు, రాయచూరు అమ్మకు ఆడపడుచు మొగుడు. పన్నెండో శతాబ్దంలో రాజు కౌశికుణ్ణి కాదని ఉడుతడి నుంచి ఈ కొండకే నడిచివచ్చిన అక్కమహాదేవికి ఏకంగా భర్త. అలాంటప్పుడు అలగొచ్చు, తిట్టొచ్చు, నిలదీయొచ్చు. లెక్క తేలలేదని చుట్టరికం రద్దు చేసుకునే వీలు మాత్రం ఉండదు. నిజానికి రద్దు చేసుకోవాల్సిన చుట్టరికాలు లోకంలో బోలెడున్నాయి. అందుకే ఈ ఆలోచనకు నేను పూర్తిగా లొంగిపోలేదు. అయితే వదినను వెర్రిదానిగా చూడటం ఆ రాత్రితో ఆగిపోయింది.

మర్నాడు మఠంబావి దాటి భీమునికొలను లోయలోకి దిగాం. రెండు కొండల నడుమ లోతైన గండి, అడుగున నీళ్లు. దిగడం ఒక ఎత్తయితే, అవతలి కొండ ఎక్కడం మరో ఎత్తు. ఈ రాతిమెట్లు పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కట్టించాడని చెబుతారు. చాలామంది ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి, చేత్తో తాకి ఎక్కుతున్నారు. నేను మోకాళ్లు పట్టుకుని ఎక్కాను. మధ్యలో ఒక పెద్దాయన కూలబడితే, వెనక వస్తున్న గుంపు ఏ ఊరని కూడా అడక్కుండా దుప్పటిలో డోలీ కట్టి మోసుకుపోయింది. పైన కైలాసద్వారం కనబడగానే "మల్లయ్యా" అని ఒక్క గొంతుగా అరిచారు. నేనూ అరిచాను. అది భక్తా, ఎక్కడం అయిపోయిందన్న సంతోషమా అంటే చెప్పలేను.

శ్రీశైలం వీధులు కన్నడంతో నిండిపోయి ఉన్నాయి. రాత్రి వీరాచార విన్యాసాలు, అగ్నిగుండం. నిప్పుల మీద నడిచేవాళ్లను, చెంపల్లో శూలాలు గుచ్చుకున్నవాళ్లను నేను ఎక్కువసేపు చూడలేకపోయాను. కష్టాలు వాటంతటవే వస్తున్న లోకంలో కొనితెచ్చుకోవడం దేనికని నా గొణుగుడు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఈ కొండ యాత్ర కోసమే పెద్ద భాగం రాశాడు. అందులోనూ ఒళ్లు హింసపెట్టుకునే భక్తులు కనిపిస్తారు. అంటే నా గొణుగుడు వినేవాళ్లు అప్పుడూ లేరు.

రద్దీ వల్ల స్పర్శదర్శనం ఆపేశారు. మామూలు రోజుల్లో తల ఆనించి మొక్కే లింగాన్ని దూరం నుంచి చూశాం. క్యూ తోసేస్తుంటే వదిన పెదాలు కదిలాయి. తిట్టిందో దండం పెట్టిందో నేను అడగలేదు. గుడి వెనక మల్లమ్మ కన్నీరు దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చుంది. మల్లమ్మ కళ్లనీళ్లే అక్కడ సన్నటి ధారగా పారుతున్నాయని నమ్మకం. వదిన ఆ నీళ్లు నెత్తిన చల్లుకుని, నా నెత్తినా చల్లింది. వద్దనలేదు. ఎండ దంచుతోంది మరి.

తిరుగు ప్రయాణానికి బస్టాండుకు వచ్చేసరికి కర్ణాటక బస్సు దగ్గర గొడవ. కర్రకాళ్ల పెద్దాయన! ఆ పొడుగు కర్రలు లోపల పట్టవని, పైన వేస్తే లగేజీ టికెట్టు కొట్టాలని కండక్టరు. ఇవి నా కాళ్లు, కాళ్లకు టికెట్టేమిటని ఆయన. చుట్టూ జనం పగలబడి నవ్వుతున్నారు. వదిన జనాన్ని తోసుకుని ముందుకు పోయింది. "యాన్నుంచో ఆడబిడ్డను సూసేకి నడిచొచ్చినోన్ని టికెట్టు అడుగుతావా నాయనా?" అని తెలుగులో అందుకుంది. కండక్టరు కన్నడంలో ఏదో బతిమాలాడు. బేరం సగం టికెట్టు దగ్గర తెగేలా ఉంది. మా నంద్యాల బస్సు హారన్ కొడుతున్నా వదిన కదల్లేదు, ఆ సగం కూడా ఎందుకివ్వాలని అడుగుతోంది.