మా ఇంటి యెజ్దీ

విద్య రెండు విధాలు. పుస్తకం వల్ల అబ్బేది ఒకటి, చేతి వల్ల అబ్బేది మరొకటి. మొదటిదానికి మన సమాజం పీట వేసి కూర్చుండబెడుతుంది. రెండవదానిని గుమ్మం బయటనే నిలబెట్టి మాట్లాడుతుంది. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకొని, ఈ కళాశాలలో పాఠాలు చెప్పుకొనే మాకు రెండవ విద్య విలువను బోధించినది ఒక పాత మోటారు సైకిలు. దానిని గురించి విద్యార్థులకూ, కళాశాల పాలక వర్గ పెద్దలకూ నాలుగు మాటలు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ బండి యెజ్దీ 250. మా అబ్బాజాన్ ఉర్దూ ఉపాధ్యాయులుగా పల్లెలలో పనిచేసే రోజులలో, 1978లో కొన్నారు. వారు గతించిన తరువాత దాని సంరక్షణ మా పాలబడింది. ‘లెక్చరర్ సాబ్‌కు ఈ మసి పని ఎందుకు? పాత ఇనుము వానికి తూచి ఇస్తే సరిపోదా?’ అని ఇరుగుపొరుగువారు ఇప్పటికీ అంటూనే ఉంటారు. తూచి ఇస్తే వచ్చే డబ్బు ఎంతో మాకు తెలుసు. ఇవ్వనందువల్ల వచ్చినది ఏమిటో చెప్పడానికే ఇంత ప్రయత్నం.

ముందుగా బండి వంశచరిత్ర. ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఇంజనీరు 1929లో చెకోస్లోవేకియాలో మోటారు సైకిళ్ళ తయారీ ప్రారంభించాడు. ఆయన పేరులోని తొలి రెండు అక్షరాలనూ, వాండరర్ అనే జర్మన్ బండి పేరులోని తొలి రెండు అక్షరాలనూ కలుపగా ‘జావా’ అయింది. మన దేశంలో ఐడియల్ జావా సంస్థ 1960లో మైసూరులో ఏర్పడింది. 1973 నుండి ఆ బండ్లు ‘యెజ్దీ’ అనే పేరుతో వచ్చాయి. ఇరాన్‌లోని యజ్ద్ నగరాన్ని స్ఫురింపజేసే పేరు అది. 1996లో కర్మాగారం మూతపడింది. 2018లో జావా పేరు, 2022లో యెజ్దీ పేరు తిరిగి రోడ్డెక్కాయి. కాని అవి వేరే ఇంజన్లు. వాటి సామాను మా బండికి పనికిరాదు. అందుచేత మా వంటి వారికి మిగిలిన దిక్కు పాత సామాను దుకాణాలు, లేతు మిషన్లు, అంతకంటె ముఖ్యంగా పాత మేస్త్రీలు.

ఈ ఇంజను టూ-స్ట్రోకు రకం. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం పిస్టను కింది గది గుండానే పైకి పోతుంది. కనుక ఆ గదిలో విడిగా నూనె నిలువ ఉంచడానికి వీలులేదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. మేము లీటరుకు 40 మిల్లీలీటర్లు కలుపుతాము. నూనె తగ్గితే పిస్టను పట్టేస్తుంది; ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది, సైలెన్సరు పూడుకొంటుంది. దిగుడులో యాక్సిలేటరు పూర్తిగా మూసి చాలా దూరం జారవిడువరాదని పెద్దలు చెప్పడానికి కారణం ఇదే. పెట్రోలు ఆగితే దానితోపాటు నూనె కూడా ఆగుతుంది గదా!

ఇక మాకు గురుత్వం వహించిన మనిషి సంగతి. ఆయన అబ్బాజాన్‌కు స్నేహితులు, ఏబది ఏండ్లుగా ఇవే బండ్లు బాగుచేసిన ఉస్తాద్. ఒక వేసవిలో మా బండి పది కిలోమీటర్లు పోగానే ఆగిపోవడం మొదలుపెట్టింది. అరగంట చల్లారితే మళ్ళీ నడిచేది. పట్టణంలో ఒక పెద్ద షెడ్డువారు చూసి, సిలిండరుకు బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టను వేయాలని చెప్పారు. అది వేలతో పని. ఉస్తాద్ మా ఇంటికి వచ్చి పానా ముట్టుకోలేదు. నులక మంచం మీద కూర్చుని ప్రశ్నలు వేశారు.

‘బేటా, ఆగే ముందు బలం తగ్గుతూ తగ్గుతూ ఆగుతుందా? దీపం ఆర్పినట్టు ఒక్కసారి ఆగుతుందా?’

‘ఒక్కసారే చాచా.’

‘ఆగినాక కిక్కు కొడితే కాలికి బరువు తగులుతుందా?’

‘తగులుతుంది.’

‘అయితే బోరు జోలికి పోవద్దు. పాయింట్లు తీసి చూడు.’

ఆయన తర్కం ఇది. మెల్లగా బలహీనపడి ఆగితే పెట్రోలు దారిలో అడ్డు ఉండవచ్చు. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడినా అలాగే అవుతుంది. ఇంజను బిగుసుకుపోతూ ఆగితే పిస్టనును అనుమానించాలి. దీపం ఆరినట్టు ఆగితే నిప్పురవ్వ పోయిందన్నమాట. కిక్కుకు బరువు తగిలితే సిలిండరులో ఒత్తిడి ఉన్నట్టే. తీసి చూడగా పాయింట్ల ముఖాలు నల్లగా కాలి, గుంటలు పడి ఉన్నాయి. ప్లగ్గును ఇంజనుకు తాకించి కిక్కు కొడితే నీలంగా చిటపటలాడవలసిన రవ్వ పసుపుపచ్చగా, నీరసంగా వచ్చింది. ఈ రెండూ కండెన్సరు పోయిందనడానికి గుర్తులు. కండెన్సరు చల్లగా ఉన్నప్పుడు పనిచేస్తూ, వేడెక్కగానే చేతులెత్తేస్తున్నది. కొత్త కండెన్సరు వేసి, పాయింట్లు నునుపు చేసి, వాటి ఎడం 0.4 మిల్లీమీటర్లకు సరిచేసిన తరువాత బండి మరి ఆగలేదు. సిలిండరును ముట్టుకోవలసిన పనే రాలేదు.

ఆ రోజు మాకు తోచిన విషయం ఒకటి ఉన్నది. ఇది మా శాస్త్రమే! సి.పి. బ్రౌన్ వేమన పద్యాల తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, పండితులచే సరిపోల్చించి, 1829లో ప్రచురించిన సంగతి తెలుగు విద్యార్థులకు తెలిసినదే. లేఖకుని ప్రమాదమేది, కవి పాఠమేది, ప్రక్షిప్తమేది అని తేల్చడానికి ఎంత ఓర్పు కావాలో, నలువది ఏండ్ల బండిలో తెగిన తీగ ఏది, కంపెనీవారు వేసిన తీగ ఏది, నడుమ ఎవరో అవసరానికి చుట్టిన అతుకు ఏది అని తేల్చడానికీ అంతే ఓర్పు కావాలి. ఉస్తాద్ ఏ విశ్వవిద్యాలయంలోనూ పాఠ పరిష్కరణ చదువలేదు. కాని లక్షణం నుండి కారణానికి ఎలా పోవాలో, చేతికి అందిన మొదటి ఊహను ఎందుకు నమ్మరాదో మాకంటె బాగా ఎరుగుదురు.

ఇంటి వద్ద మేము చేసే పని పెద్దదేమీ కాదు. నెలకొకసారి ప్లగ్గు తీసి రంగు చూస్తాము. తేనీటి రంగు ఉంటే క్షేమం. నల్లగా తడిగా ఉంటే పెట్రోలో, నూనెయో ఎక్కువ. తెల్లగా ఉంటే గాలి ఎక్కువై ఇంజను అతిగా కాగుతున్నదని అర్థం. కార్బొరేటరు జెట్టును తీగతో పొడవక, గాలి ఊది శుభ్రం చేస్తాము. తీగ గీతకు రంధ్రం కొలత మారిపోతుంది. సైలెన్సరు లోపలి గొట్టాన్ని ఏడాదికొకసారి బయటికి లాగి మసి గీకుతాము. ఇటీవల మరొక జాగ్రత్త కూడా అవసరమైనది. పెట్రోలులో ఇథనాలు పాలు 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాలు తేమను పీలుస్తుంది. పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. కనుక సెలవులలో బండి కదలకుండా ఉండేటట్లయితే ట్యాంకు, కార్బొరేటరు ఖాళీ చేసి పెడతాము.

2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, అసలు రూపం చెడని బండికే ‘వింటేజి’ గౌరవం. మా యెజ్దీకి 2028 వరకు ఆ యోగ్యత లేదు. బండికి చట్టమైనా ఎప్పుడో ఒకప్పుడు గౌరవం ఇస్తుంది. దానిని బ్రతికించిన మేస్త్రీకి ఎవరు ఇస్తారు?

ఇప్పుడు అసలు మాటకు వస్తాము. ఉస్తాద్ చేతులు వణుకుతున్నాయి. ఆయన కుమారుడు గల్ఫుకు పోయి డ్రైవరు పని చేస్తున్నాడు. షెడ్డులో శిష్యులు లేరు. కంపెనీ పుస్తకం ఉన్నది గాని, అది కొత్త బండికి వ్రాసినది. నలువది ఏండ్లు వాడిన బండి ఏ నొప్పికి ఏ మూలుగు మూలుగుతుందో అందులో లేదు. అది ఆయన చెవిలోనూ, వ్రేళ్ళలోనూ మాత్రమే ఉన్నది. వ్రాసి పెట్టకపోతే ఆయనతోపాటే పోతుంది.

మా తరగతులలో మెకానిక్కుల పిల్లలు, వెల్డర్ల పిల్లలు, టైర్లకు పంక్చర్లు వేసేవారి పిల్లలు తక్కువగా లేరు. ప్రవేశ పత్రంలో ‘తండ్రి వృత్తి’ అన్న చోట వారిలో అనేకులు ‘వ్యాపారం’ అని వ్రాయడం మేము గమనించాము. ఆ కలం ఎందుకు తడబడుతున్నదో అడిగి వారిని నొప్పించలేదు. తప్పు వారిది కాదు. వారి తండ్రులను గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడుతున్న మనందరిది.

అందుకే మేము ఒక నోటుపుస్తకం ప్రారంభించాము. ఉస్తాద్ చెప్పిన ప్రతి లక్షణాన్నీ, కారణాన్నీ తేదీ వేసి వ్రాస్తున్నాము. పానా, పేచ్‌కస్ వంటి షెడ్డు మాటలను అర్థాలతో పట్టిక వేస్తున్నాము. తెలుగు, ఉర్దూ ఒకే నోట కలిసి బ్రతికే చోటు మెకానిక్ షెడ్డు కంటె మరొకటి మాకు కనబడలేదు. రెండు భాషల విభాగాలున్న ఈ కళాశాలకు ఆ పట్టిక పరాయిది కాదు.

విద్యార్థులకు మా విన్నపం ఇంతే. ఈ సెలవులలో మీ తండ్రిగారి పక్కన, మామగారి పక్కన ఒక పూట కూర్చోండి. వారు ఒక పని ఎందుకు అలా చేస్తారో అడిగి, వారి మాటలలోనే వ్రాసుకొని రండి. తెలుగులో వ్రాసినా, ఉర్దూలో వ్రాసినా సరే. పాలక వర్గ పెద్దలకు మా మనవి: వచ్చే సంవత్సరం సాహితీ సంఘ సభలలో ఒక దానికి మా ఉస్తాద్ వంటి వారిని వక్తగా పిలిపించి, వేదిక మీద కుర్చీ వేయించండి. గ్రంథాలయంలో ఆ నోటుపుస్తకాలకు ఒక అర కేటాయించండి. మొదటి పుస్తకం మేము ఇస్తాము.