సిమ్లాలో మూడు చలికాలాలు

చెన్నైలో పుట్టి పెరిగినవాళ్ళకు చలికాలమంటే ధనుర్మాసంలో ఫ్యాను ఒకటో నంబరులో పెట్టుకుని దుప్పటి కప్పుకోవడమే. మా తాతగారి రోజుల నుంచీ మాది చూళై కాపురం. ఇంటిల్లిపాదికీ కలిపి స్వెట్టరు ఒక్కటే ఉండేది. ఎవరో కాశీయాత్రకు వెళ్ళినప్పుడు కొన్న ఆ స్వెట్టరు కలరా ఉండల మధ్య ఏళ్ళ తరబడి నిద్రపోతూ ఉండేది. అలాంటి మాకు 2016లో ప్రమోషనుతో పాటు సిమ్లా బదిలీ వచ్చింది. బ్యాంకు ఉద్యోగంలో ప్రమోషనూ బదిలీ కవలపిల్లలు. ఒకదాన్ని ఎత్తుకుంటే రెండోది తనే వచ్చి చంకెక్కుతుంది.

పిల్లలు ఉద్యోగాల్లో స్థిరపడ్డారు కాబట్టి వాళ్ళ బెంగ లేదు. బెంగంతా అమ్మ గురించే. అప్పటికి ఆవిడకు డెబ్భై ఆరేళ్ళు, పైగా రక్తపోటు. "అన్నయ్యా, అమ్మని నా దగ్గర ఉంచెయ్. ఆ చలికి తట్టుకోలేదు" అన్నాడు చెన్నైలోనే ఉన్న తమ్ముడు. అమ్మ ఒప్పుకోలేదు. "అక్కడ మనుషులు బతకడం లేదా నాయనా!" అని తన పెట్టె తనే సర్దుకుంది.

కాల్కా నుంచి సిమ్లాకు చిన్న రైలుంది. 1903లో మొదలైన ఈ లైను పొడవు 96 కిలోమీటర్లు, పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు, దారిలో 102 సొరంగాలు. 2008లో యునెస్కో వారు దీన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు. మా అమ్మ సొరంగానికి ఒక కేశవనామం చొప్పున మొదలుపెట్టింది. కిలోమీటరుకు పైగా ఉండే బారోగ్ సొరంగం వచ్చేసరికి ఇరవై నాలుగూ అయిపోయి మళ్ళీ మొదటికొచ్చింది!

సిమ్లా సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ అద్దె ఇల్లు వెతుక్కోవడంలోనే నాకు మొదటి పాఠం దొరికింది. చెన్నైలో ఇల్లు చూడబోతే మనం మొదట అడిగేది నీళ్ళ సంగతి, తరవాత గాలి సంగతి. అక్కడ అందరూ మొదట అడిగే ప్రశ్న "ధూప్ ఆతీ హై?" అని. అంటే ఎండ వస్తుందా అని. ఒకే కొండకు దక్షిణం వైపున్న ఇళ్ళకు పొద్దస్తమానం ఎండ కాస్తుంది. ఉత్తరం వైపు ఇళ్ళకు చలికాలంలో సూర్యుడు పలకరింపుగా కూడా రాడు. అద్దెలూ దాన్నిబట్టే ఉంటాయి. ఆ నీడనే వాడుకుని లక్కడ్ బజార్ కింద 1920లో స్కేటింగు మైదానం పెట్టారు. యంత్రాలతో పనిలేకుండా, రాత్రి పోసిన నీళ్ళు తెల్లారేసరికి గడ్డకట్టేవి. జీవితమంతా ఎండకు గొడుగు పట్టిన నేను, ఎండ ఉందన్న కారణానికి నెలకు రెండు వేలు ఎక్కువిచ్చి సంజౌలీలో ఒక ఇంటి పై వాటా తీసుకున్నాను.

ఇంటివాళ్ళది రోహ్రూ వైపు ఊరు, ఆపిల్ తోటల కుటుంబం. ఇంటి పెద్ద అమ్మాజీ అనే ఆవిడ. అందరూ అలాగే పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాం. వయసులో మా అమ్మకంటే రెండు మూడేళ్ళు పెద్ద. ఆవిడకు పహాడీ, హిందీ తప్ప రావు. మా అమ్మకు తెలుగు, అరవం తప్ప రావు. అయినా వారం తిరక్కుండా ఇద్దరూ ఎండలో చాపేసుకుని గంటల తరబడి మాట్లాడుకునేవారు. ఏం అర్థమవుతోందమ్మా అంటే "అర్థం కాకపోవడానికేముందిరా, కోడళ్ళ గురించేగా" అంది. మా ఆవిడ ఆ మాట విననట్టు ఊరుకుంది.

వంటింట్లో కష్టాలు వేరు. కొబ్బరినూనె 24 డిగ్రీలకే గడ్డకడుతుంది కనుక సిమ్లాలో అది నూనెగా కనిపించేది అరుదు. ఆ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కరు లేకుండా కందిపప్పు ఉడికించాలంటే సహనం కావాలి. అన్నిటికన్నా పెద్ద సమస్య ఇడ్లీపిండి. రెండు రోజులు ఉంచినా రుబ్బినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండేది. దానికి మందు అమ్మాజీ దగ్గర దొరికింది. వాళ్ళకు సిడ్డూ అని ఒక వంటకం ఉంది. గోధుమపిండిని ఈస్టుతో పులియబెట్టి, లోపల గసగసాల ముద్దో అక్రోట్ల ముద్దో పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. నిండా నెయ్యి పోసుకుని తింటారు. ఆవిరి మీద ఉడికిన పులిసిన పిండి అంటే మన ఇడ్లీకి దూరపు చుట్టమేగా! పిండిగిన్నెను పాత శాలువలో చుట్టి, రజాయిలో పెట్టి, వాళ్ళ తందూరు పక్కన ఉంచేది అమ్మాజీ. అక్కడ తందూరంటే రొట్టెలు కాల్చే పొయ్యి కాదు. గది మధ్య ఉండే ఇనుప కట్టెలపొయ్యి, దాని పొగ గొట్టం గుండా ఇంటి పైకి పోతుంది. ఆ పొయ్యి పక్కన సిడ్డూ పిండి గిన్నె, ఇడ్లీపిండి గిన్నె అక్కాచెల్లెళ్ళలా కూర్చునేవి.

నేను చేరిన కొద్ది వారాలకే నవంబరు 8 వచ్చింది. పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఆ రోజుల గురించి ఏ బ్యాంకు ఉద్యోగిని కదిపినా పుస్తకమంత చెబుతాడు, అందుకని ఒక్క ముక్కతో ఆపుతాను. తెల్లవారకముందే కంబళ్ళు కప్పుకుని క్యూలో నిలబడిన వాళ్ళు, ఎండ ఏ వైపు జరిగితే ఆ వైపుకు వరస చెడకుండా క్యూ మొత్తాన్నీ జరుపుకునేవారు. అంత క్రమశిక్షణ నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో చూడలేదు.

డిసెంబరు 12న చెన్నైని వార్దా తుపాను కొట్టింది. తమ్ముడి ఫోను కలవలేదు. రెండో రోజు కలిసింది. మా వీధిలో చెట్లన్నీ పడిపోయాయనీ, మన ఇంటికేం కాలేదనీ చెప్పాడు. "నన్ను చలని భయపెట్టావు, నువ్వు జాగ్రత్త" అని వాడికే బుద్ధి చెప్పింది అమ్మ.

అసలు పరీక్ష 2017 జనవరి మొదటి వారాంతంలో వచ్చింది. రాత్రంతా చప్పుడు లేకుండా మంచు పడింది. వాన పడితే తెలుస్తుంది, మంచు పడితే తెలియదు. పొద్దున్న తలుపు తీస్తే మెట్లు లేవు, ఎదుటి ఇంటి రేకులు లేవు, అంతా తెలుపు. మొదటి గంట ఫొటోలు తీసుకున్నాం. తరవాత కరెంటు పోయింది. దేవదారు కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయట. గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టాయి. హీటరూ గీజరూ అలంకారానికి మిగిలాయి. బ్యాంకు ఇచ్చే కొండ భత్యం, ఇంధన భత్యం అలాంటి రోజు ఏం పనికొస్తాయి! మంచును బిందెలో ఎత్తి గ్యాసు మీద కరిగించుకున్నాం. నిండు బిందె మంచుకు చెంబుడు నీళ్ళు వచ్చాయి.

సాయంత్రానికి అమ్మ పెదవులు నల్లబడ్డాయి. మాట తడబడింది. దారులు మూసుకున్నాయి, డాక్టరు దగ్గరకు మోసుకెళ్దామన్నా కాలు నిలవదు. పక్క వాటావాళ్ళు మంచి మనసుతో బొగ్గుల అంగీఠీ ఒకటి తెచ్చి గదిలో పెట్టుకోమన్నారు. అంతలో అమ్మాజీ కర్ర పోటు వేసుకుంటూ పైకి వచ్చింది. అంగీఠీని చూస్తూనే కిటికీ తెరిపించి, దాన్ని వరండాలో పెట్టించింది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడు చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఆ కొండల్లో చలికాలంలో అలాంటి వార్తలు వస్తూనే ఉంటాయి. అమ్మాజీకి ఆ వాయువు పేరు తెలియదు గాని, దాని పని తెలుసు. తరవాత వాళ్ళబ్బాయీ నేనూ అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించాం. తందూరు పక్కన పడుకోబెట్టి, అరికాళ్ళకు ఆవనూనె రాసి, గోరువెచ్చని పాలు పట్టింది అమ్మాజీ. రాత్రి పది గంటలకు అమ్మ లేచి, "ఒరే, ఇడ్లీపిండి పొంగిందేమో చూడు" అంది. అప్పుడు నా గుండె కుదుటపడింది.

మూడు రాత్రులు అక్కడే పడుకుంది. ఫోను కలిశాక తమ్ముడు "విమానంలో పంపించెయ్" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. కానీ అమ్మ కదల్లేదు. తెల్లవారుజాము తలస్నానం మాత్రం మాని, ఎండ వచ్చాక చేయడానికి ఒప్పుకుంది. నాకు తెలిసి ఆవిడ ఎవరి మాటా విని ఒక నియమం మార్చుకోవడం అదే మొదలు.

ఆ మంచును చూసి నేను తిట్టుకుంటుంటే అమ్మాజీ కొడుకు మాత్రం మిఠాయి పంచాడు. సంగతేమిటంటే, అక్కడి పాత రకాల ఆపిల్ చెట్లకు చలికాలంలో ఏడు డిగ్రీలకు లోబడిన చలి వెయ్యి గంటలకు పైగా కావాలి. అది చాలకపోతే పూత సరిగా రాదు. పైగా మంచు మెల్లగా కరిగి నేలలోకి ఇంకుతుంది. 1916 ప్రాంతంలో శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ కోట్‌గఢ్‌లో రెడ్ డెలిషస్ మొక్కలు నాటించినప్పటి నుంచి ఆ కొండల జాతకం మంచుతో ముడిపడింది. తోటల అప్పులు చూసే అధికారిని కనుక నాకు ఆ లెక్క తొందరగానే ఎక్కింది: జనవరిలో మంచు పడితే శరదృతువులో వసూళ్ళు బాగుంటాయి. మరుసటి చలికాలం మంచు అంతంత మాత్రమే. 2018 మే నెలలో సిమ్లాలో తాగునీటికి కటకట వచ్చి, జనం ట్యాంకర్ల వెంట పరుగెత్తారు. బిందెల వరసలో నిలబడడం చెన్నైవాళ్ళకు కొత్త కాదు కాబట్టి మా ఆవిడ మేడ మీదివాళ్ళందరికీ గురువైంది.

అన్నట్టు, మన పాఠకులు సిమ్లా వెళితే వైస్రాయి భవనం తప్పక చూడాలి. 1888లో పూర్తయిన ఆ భవనంలో ఉన్న ఉన్నత అధ్యయన సంస్థను 1965లో ప్రారంభించింది రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. తిరుత్తణి తెలుగింట ఆయన పుట్టిందీ 1888లోనే. అమ్మకు ఈ సంగతి చెబితే, మెట్లెక్కలేనన్న మనిషి ఆ కొండెక్కింది.

2019లో చెన్నై తిరిగి వచ్చాం. అప్పుడు చెన్నైలో నీళ్ళ కరువు, అది వేరే కథ. అమ్మకు ఎనభై దాటింది. అమ్మాజీ ఇప్పుడు మంచం దిగడం లేదు. ఏటా సంక్రాంతికి ఫోనులో కోడళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు, అత్తలిద్దరూ పక్కన కూర్చుని అరుస్తారు. 2024 సంక్రాంతికి ఫోను చేసినప్పుడు అక్కడ ఇంకా మంచు పడలేదన్నారు. ఆ జనవరి దాదాపు నెలంతా అలాగే పొడిగా గడిచింది. చూళైలో ఫ్యాను కింద కూర్చున్న మా అమ్మ రోజూ పేపరు రాగానే నన్నడిగేది: "సిమ్లాలో మంచు పడిందట్రా?"