అలిగిన రోజు

బతుకమ్మ ఆడే రోజుల్లో ఆరో రోజు పూలు పేర్చరు. ఎంగిలిపూలతో మొదలై అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు దాకా వచ్చి, అక్కడ ఒక రోజు ఖాళీ. మళ్లీ వేపకాయలు, వెన్నముద్దలు, చివరికి సద్దులు. ఆ ఖాళీ రోజును అలిగిన బతుకమ్మ అంటారు. ఎప్పుడో పూలు పేరుస్తుంటే మాంసం తగిలిందని, అమ్మవారు అలిగిందని పెద్దలు కథ చెబుతారు. చిన్నప్పుడు ఆ రోజు నాకు చప్పగా ఉండేది. పెద్దయ్యాక అక్కరకొచ్చింది. 2018లో మా అక్క చేత భూమి కాగితాల మీద సంతకం పెట్టించుకోవడానికి నేను ఎంచుకున్న రోజు అదే. ఆ రోజు ఆడవాళ్లకు తీరిక కదా అనుకున్నాను. ఆ ఎంపికలో ఏముందో నాకు తెలియడానికి ఏడేళ్లు పట్టింది.

మాది సుల్తాన్‌పూర్. పటాన్‌చెరుకు దగ్గరే, ఔటర్ రింగ్ రోడ్డు మీద వచ్చేవాళ్లకు నాలుగో నంబరు ఎగ్జిట్. నా చిన్నతనంలో రాళ్లగుట్టలు, వాటి నడుమ జొన్న చెలకలు, గట్ల మీద తంగేడు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వైపు ఫ్యాక్టరీలు లేస్తుంటే మా ఊరి మగవాళ్లు ఒక్కొక్కరే నాగలి వదిలి షిఫ్టుల్లోకి వెళ్లారు. నేనూ వెళ్లాను. ముప్పై ఏళ్లకు పైగా బాయిలర్ దగ్గర పనిచేసి 2024లో రిటైరయ్యాను. 2017 జూన్‌లో మా ఊళ్లో వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన జరిగింది. గుండె నాళాల్లో వేసే స్టెంట్లు ఇప్పుడు ఇక్కడే తయారవుతున్నాయి. ఊరి పేరు పేపర్లకెక్కింది, గుంట ధర అంతకంటే పైకెక్కింది. అప్పటిదాకా ఎవరూ తొంగిచూడని మా ఎకరం ఇరవై గుంటల చెలక మీద ఇంట్లో అందరి కళ్లూ పడ్డాయి. అందరికంటే ముందు పడ్డవి నావే.

పండుగకు ఇంటినిండా చుట్టాలు రావడం గురించి నాకెప్పుడూ రెండు మనసులే. మూడు గదుల ఇంట్లో ఇరవైమంది. పొద్దున బాత్రూం ముందు వరుస, మధ్యాహ్నం ఎవరి గిన్నెలో ఎన్ని ముక్కలు పడ్డాయన్న లెక్క, రాత్రి మందు దిగాక పాత లెక్కలు. పెళ్లిలో మా బావకు పెడతామని పెట్టని చేతిగడియారం ప్రతి దసరాకూ ఒకసారి బయటికొచ్చేది. వాళ్లు రాకపోతే ఇల్లు బోసిగా ఉండేది, వస్తే ఊపిరాడేది కాదు. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ చేసుకున్న నిమిషంలో గొంతు పట్టేసేది. పావుగంట తర్వాత అదే మనిషి నా ఇంటి గోడకు సున్నం ఎందుకు వేయించలేదని అడుగుతుంటే ఎప్పుడు బస్సెక్కుతాడా అనిపించేది. ఇది నాకొక్కడికే ఉన్న జబ్బు కాదనుకుంటాను. మనలో చాలామంది పండుగకు పిలిచేటప్పుడు ఒక మనిషి, పంపించేటప్పుడు ఇంకొక మనిషి.

అందుకని చాలా ఏళ్లు దసరా నాడు డ్యూటీ నేనే అడిగి వేయించుకున్నాను. డబుల్ జీతం కోసమని ఇంట్లో చెప్పేవాణ్ని. ఫ్యాక్టరీలో ఆయుధపూజ హాయిగా ఉండేది. పానాలకు బొట్లు, బాయిలర్‌కు బంతిపూల దండ, గేటు ముందు గుమ్మడికాయ, తలా ఒక స్వీటు డబ్బా. గంటలో అయిపోయేది. ఎవరికీ ఎవరి మీదా పాత బాకీ లేదు. ఒక ఏడు ఒడిశా కుర్రాడొకడు నాతోపాటు షిఫ్టులో ఉన్నాడు. వాళ్ల ఊరు చేరాలంటే రైలూ బస్సూ కలిపి రోజున్నర పడుతుందన్నాడు. మీ ఇల్లెక్కడ అని అడిగాడు. బండి మీద అరగంట అన్నాను. అతను నా వైపు చూశాడు, ఏదో అడగబోయాడు, అడగకుండా టీ తాగేశాడు. నేనూ తాగేశాను.

2018కి వస్తాను. చెలక కొనడానికి వచ్చినవాడు ఆడబిడ్డ సంతకం లేకపోతే అడ్వాన్సు ఇవ్వనన్నాడు. మా నాయిన 2011లో పోయాడు, అవ్వ అంతకుముందే పోయింది. అవ్వ లేని ఇంటికి ఆడబిడ్డను పిలవాల్సింది తమ్ముళ్లం మేమిద్దరమే. నాలుగైదేళ్లుగా ఫోన్లో పిలిచి సరిపెట్టినవాణ్ని, ఆ ఏడు జోగిపేటకు స్వయంగా వెళ్లాను. అక్క మురిసిపోయింది. వాకిట్లో నిలబడి, తమ్ముడొచ్చిండని చుట్టుపక్కల నాలుగిళ్లకు వినబడేలా చెప్పింది. ఐదో రోజు మా వాడకట్టు ఆడవాళ్లతో అట్ల బతుకమ్మ ఆడింది. మరునాడు పొద్దున నేను మంచం మీద కాగితాలు పరిచాను.

"కండ్లద్దాలు తేలేదురా, యాడ పెట్టాల్నో జూపియ్" అంది. చూపించాను. నాలుగు చోట్ల పేరు రాసింది. పెన్ను మూత పెడుతూ, "తమ్మీ, నన్ను పండుగకు పిలిచినవా, సంతకానికి పిలిచినవా?" అంది. తమ్ముడు నవ్వాడు. మా ఆవిడ నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. అక్క కూడా నవ్వింది. పసుపుకుంకుమ కింద కొంత డబ్బు చేతిలో పెట్టాం, పట్టుచీర పెట్టాం, ఒడిబియ్యం పోశాం. దసరా మరునాడు బస్సెక్కించి ఇంటికొస్తూ, ఎంత సాఫీగా అయిపోయిందో అనుకున్నాను.

మరుసటి ఏడు అక్క రాలేదు. మోకాళ్ల నొప్పులంది. ఆ పై ఏడు కరోనా. తర్వాత మనవరాలి పరీక్షలు. గొడవ లేదు, నిష్ఠూరం లేదు. ఫోన్ చేస్తే ముందుగా నా షుగర్ సంగతే అడిగేది. ఇల్లు నెమ్మదించింది. దాచుకోవడం ఎందుకు, మొదటి ఏడు నాకు సుఖంగానే ఉంది. గడియారం ఊసు లేదు, సున్నం ఊసు లేదు. తర్వాత తర్వాత సద్దుల నాడు మలీద ముద్దలు గిన్నెలోనే ఎండిపోవడం చూశాను. మా ఇంటి బతుకమ్మ జానెడు ఎత్తుకు దిగింది. పేర్చడం వచ్చిన చేయి అక్కదే.

భూమి సంగతి మనసులో కదిలినప్పుడల్లా నా దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉండేది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇస్తూ చట్టం తెచ్చింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు; అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించదు. అక్క పెళ్లి 1984లో. ఏడాది తేడాతో తప్పిపోయింది, మనమేం చేస్తాం అని. 2005లో కేంద్రం చట్టం మార్చి ఆ పెళ్లి అడ్డును తీసేసింది. ఆ హక్కు కూతురికి పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత తేదీ నాకు నోటికి వచ్చు, కొత్త తేదీలు మాత్రం ఎప్పుడూ గుర్తుండేవి కావు. తప్పు జ్ఞాపకశక్తిది అనలేను. అసలు చట్టాల దాకా పోనక్కర్లేదు. లేని హక్కును వదులుకొమ్మని ఎవరూ సంతకం అడగరు. ఈ చిన్న విషయం కొనేవాడికి తెలుసు, అక్కకు తెలుసు. ఒక్క నాకే తెలియనట్టు ఉండిపోయాను.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫార్మా పరిశ్రమలో పేలుడు జరిగింది. నలభైమందికి పైగా చనిపోయారు. చాలామంది ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ లాంటి దూరప్రాంతాల నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. డీఎన్ఏ పరీక్ష ఫలితం కోసం బంధువులు రోజుల తరబడి కాచుకుని కూర్చోవడం టీవీలో చూశాం. నాతో టీ తాగిన కుర్రాడు ఎప్పుడో వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు, వాళ్లలో లేడు. అయినా అతను ఆ రోజు మింగేసిన ప్రశ్న నన్ను వెతుక్కుంటూ వచ్చింది. జోగిపేట నాకు రెండు గంటల దారి కూడా కాదు.

ఆ వానాకాలమంతా అలక గురించే ఆలోచించాను. కొత్త అల్లుడు అలిగితే మనం పాన్పు వేసి, కానుక చేతిలో పెట్టి లేపుతాం. అతని అలక పెళ్లి ఖర్చులో ముందే రాసి ఉంటుంది. ఆడబిడ్డ అలిగితే మాత్రం పండుగ పూట ఏమిటిది అంటాం. అలగడమంటే ఏమిటి? ఈ ఇంట్లో నాకొక చోటుంది, దానికి దెబ్బ తగిలింది అని చెప్పుకోవడమే కదా. పరాయి ఇంట్లో ఎవరూ అలగరు, చెప్పులు వేసుకుని వెళ్లిపోతారు. బతుకమ్మను మొదట పేర్చిన ఆడవాళ్లకు ఇది తెలిసే ఉంటుందని నా ఊహ. అమ్మవారికే ఒక రోజు కేటాయించారు. ఆ రోజు ఆమెను బుజ్జగించరు, పాడరు, పేర్చరు. ఊరుకుంటారు. నేనేమో ఆ ఊరుకోవలసిన రోజును చూసి, పనికి దొరికిన ఖాళీ అనుకున్నాను. అక్క అలగలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాను. అలిగి ఉంటే బతిమాలుకునేవాణ్ని కదా అని, చివరికి తప్పు ఆమె మీదకే తోయబోయాను.

ఆ ఏడు మళ్లీ ఆరో రోజునే జోగిపేట వెళ్లాను. అక్క వాకిట్లో కూర్చుని గునుగు పూలకు రంగు అద్దుతోంది.

"ఇయ్యాల బతుకమ్మ లేదు గదరా. గియ్యాల్నే వస్తివేంది?"

టీ అయ్యాక అన్నాను: "ఆ రోజు ఒక్క మాటన్నా అనకపోతివక్కా. అలగనన్నా అలగకపోతివి."

"అన్న గదరా" అంది తల ఎత్తకుండా. "నువ్వే నవ్వితివి."

గునుగు కట్ట తిప్పి రెండోవైపు ముంచింది. వేళ్లు గులాబీ రంగు. నేను కాసేపు మాట్లాడలేదు. ఎన్ని నవ్వుల కింద ఇలా ఎన్ని మాటలు పోయాయో, మా ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లో లెక్క తీయగలం?

"లెక్క జూస్తే నీకింకా రావాలె అక్కా" అన్నాను. ఉండనీ తమ్మీ అంటుందనుకున్నాను. అంటే బాగుండునని కోరుకున్నానని కూడా ఒప్పుకోవాలి.

"రావాలె" అంది. "అరవై గుంటల ఇరవై నాది. మీకెంత ముట్టింది, నాకెంత ముట్టింది, రాసుకొచ్చినవా?"

రాసుకెళ్లలేదు.

"రాసుకొని సద్దుల నాడు రా. వచ్చేటప్పుడు తంగేడు తే. ఈడ దొర్కుతలేదు."

ఆ నాలుగు రోజులు ఊళ్లో అందరి చర్చా ఒకటే. దసరా గాంధీ జయంతి నాడే పడింది, వైన్ షాపులు మూత, మటన్ ముందురోజే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాలా అని. నేను రాత్రిపూట మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని అంకెలు వేశాను. ఉన్న ఒక్క ప్లాటు అమ్మితే తప్ప నా వంతు తేలదు. తన వంతు గురించి అడిగితే తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. అతని పేరు ఎదురుగా గీత గీసి ఖాళీగా వదిలాను.

తంగేడు దొరకడం అంతకంటే కష్టమైంది. మా చెలక చుట్టూ ఇప్పుడు ప్రహరీ గోడ. సర్వీసు రోడ్డు వెంబడి వెళ్లాను, పార్కు వెనక గుట్టల్లో చూశాను, అమీన్‌పూర్ చెరువు గట్టు దాకా పోయాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు కదా, అక్కడైనా ఉంటుందనుకున్నాను. చివరికి మా ఊరి గుట్ట మీదే, రెండు రాళ్ల సందులో, నాలుగు పిడికెళ్లు దొరికాయి. తడిగుడ్డలో చుట్టి బస్సెక్కేసరికి సగం వాడాయి.

అక్క ముందు పూలు తీసుకుంది. నీళ్లు చల్లి, గుమ్మడాకు పరిచిన తాంబాళంలో కింది వరుసగా పేర్చింది; నాలుగు పిడికెళ్లు ఆ ఒక్క వరుసకే సరిపోయాయి. కొంగుకు చేతులు తుడుచుకుని కాగితం కోసం చేయి చాపింది. నేనిచ్చాను. ఇంటి లోపలికి తిరిగి, కండ్లద్దాలు తెమ్మని మనవరాలిని పిలిచింది.